మెత్తచెయ్యి

టిక్కు రాలేదు. పాప ఏడుపు వచ్చింది, ఆ ఏడుపు మధ్యలో "అయిపోయిందమ్మా, అయిపోయింది" అనే మా అక్క గొంతు వచ్చింది, దూది డబ్బా మూత పడిన చప్పుడు వచ్చింది. అన్నీ వరసగా వచ్చాయి, రావలసిన ఆ ఒక్క చప్పుడు తప్ప. నేను కూర్చున్న బల్ల వెనక ఉన్నది గోడ కాదు, పల్చటి చెక్క. దానికి వీపు ఆనించి కూర్చుంటే ఇంజక్షన్ల గదిలో సిరంజి కవరు చింపడం కూడా నా వెన్నుపూసకి వినిపిస్తోంది. వినడమే నా ఉద్యోగం. తొమ్మిదేళ్ళుగా సిరంజిల ఫ్యాక్టరీలో నేను చేస్తున్న పని అదే. సిరంజిలో రంగునీళ్ళు తీసుకుని, రబ్బరు దిండులో గుచ్చి, బొటనవేలితో చివరిదాకా నొక్కి, అడుగున ఉన్న చిన్న మెట్టు దాటించి, లోపలి స్ప్రింగు సూదిని వెనక్కి లాక్కునేటప్పుడు వచ్చే టిక్కు వినడం. గోరుతో గోరు మీటినంత చప్పుడు. అది వచ్చిందంటే సూది గొట్టంలోకి వెళ్ళిపోయినట్టు, ఇక ఆ సిరంజి ఎవరినీ గుచ్చలేదు, వేసిన చేతినీ, ఎత్తిపారేసే చేతినీ. పెట్టెకి పది చొప్పున అలా విని, పదీ పలికితేనే పెట్టె మీద నా నంబరు ముద్ర వేస్తాను. లైనులో అందరూ నన్ను టిక్కమ్మ అంటారు. మా ఆయన ఇంకో అడుగు ముందుకేసి, పొద్దున నేను దేవుడి ముందు కళ్ళు మూసుకుంటే చాలు, "ఆయన్ని కూడా నొక్కి చూస్తావా ఏంటి, పలుకుతాడో లేదో" అంటాడు. పలుకుతాడు. కాకపోతే ఆ చప్పుడు వినే చెవి నాకు ఇంకా రాలేదేమో.

ఎదురుగా పెద్ద డాక్టరుగారి గది తలుపు మూసి ఉంది. అందులో మా ఇంజనీరు ఈ ఆసుపత్రి వెనక్కి పంపిన సిరంజిల్ని చిన్న రంపంతో కోసి, భూతద్దం పెట్టి చూస్తున్నాడు. పదకొండు గంటలకి ఏ సంగతో తేల్చి చెప్పాలి. ఇప్పుడు పదీ ఇరవై. నా నంబరు ఉన్న పెట్టెలు నలభై ఈ ఆసుపత్రికి వచ్చాయి, ఇక్కడ ఈ రకం వాడటం ఇదే మొదలు, పది సిరంజిల్లో మూడో నాలుగో సూది లోపలికి వెళ్ళడం లేదట. అదే వారం తయారైనవి ఇంకో ఆరు ఆసుపత్రులకి వెళ్ళాయి, అక్కడ ఎవరూ కిక్కురుమనలేదు. మరి ఈ నలభై పెట్టెలకే ఏమొచ్చింది? దారిలో బండిలో ఇంజనీరు నా వంక చూడకుండా, "ఆ రోజు మీకు జలుబేమైనా చేసిందా టిక్కమ్మగారూ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు పాపం, మా అబ్బాయికన్నా ఓ నాలుగేళ్ళు పెద్దవాడు. నేను నవ్వలేకపోయాను. ఆ రోజంతా గుర్తు తెచ్చుకోవడానికి చూశాను. జలుబు లేదు. ఇంట్లో గొడవ లేదు. తెల్ల టోపీ కింద చెవులు ఎప్పటిలాగే బయటే ఉన్నాయి, మిగతావాళ్ళకి చెవులు మూసే టోపీ, నాకొక్కదానికే చెవుల దగ్గర కత్తిరించి కుట్టిన టోపీ, అది చూసుకుని నేను ఎంత మురిసిపోతానో ఎవరికీ చెప్పను. ఆ రోజు అన్నీ పలికాయి. పలికాయనే నమ్ముతున్నాను. కానీ నమ్మకం వేరు, వినడం వేరు కదా. ఒకవేళ నా చెవికి వయసొచ్చి, రాని టిక్కు కూడా వచ్చినట్టు అనిపించడం మొదలైతే? అలా అయితే ఆ ముద్ర అబద్ధం. అబద్ధం మీద నమ్మకం పెట్టుకుని ఎవరో ఒక ఆడపిల్ల సిరంజిని ట్రేలో పడేస్తుంది, సూది పైకి చూస్తూ ఉంటుంది.

అలా జరిగింది కూడా. పోయిన సోమవారం ఒక చిన్న నర్సు, కొత్తగా చేరిన పిల్ల, సూది లోపలికి వెళ్ళిపోయిందనుకుని ట్రే సర్దబోతే గ్లౌజు చిరిగింది. చర్మం దాకా రాలేదు. దేవుడి దయ అని అందరూ అన్నారు. ఇక్కడే నర్సయిన మా అక్క మాత్రం ఆ మధ్యాహ్నమే కూర్చుని కంపెనీకి ఉత్తరం రాసింది. అందులో ఒక మాట మా ఫ్యాక్టరీలో అందరి నోళ్ళలో నానింది: "దాక్కుంటానని చెప్పి దాక్కోని సూదికన్నా, గుచ్చుతానని చెప్పే పాత సూదే నయం." ఆ మాట చదవగానే అక్క గొంతు వినిపించింది నాకు. కింద సంతకం చూడకముందే తెలిసిపోయింది. మా అక్క రాసిన కాగితం వచ్చి మా అక్క చెల్లెలి ముద్ర మీద పడింది. ఇందాక వరండాలో నన్ను చూసి, చేతిలో ట్రేతోనే ఆగింది.

"నువ్వెందుకొచ్చావే?"

"ఆ పెట్టెలు నావే అక్కా."

కళ్ళజోడు పైకి నెట్టుకుంది. "నీ కోసమని కాగితం వెనక్కి తీసుకోను, ముందే చెప్తున్నా."

"తీసుకోమని నేనడిగానా?"

"తిన్నావా?"

"తిన్నాను."

"మొహం చూస్తే అలా లేదు" అనేసి కర్టెన్ పక్కకి తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అక్క అంతే. నాకు కోపం రావాలి, కానీ గర్వం వచ్చింది. వెనక్కి తీసుకుంటానని అని ఉంటే నా మనసు ఎంత చిన్నబోయేదో.

బల్ల చివర ఒకాయన కూర్చున్నాడు, గోడౌనులో బస్తాలు మోసే మనిషి. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి, ఆ కండలు చూస్తే తలుపులు ఊడబెరికేలా ఉన్నాడు. కాలికి మేకు దిగిందట, ధనుర్వాతం రాకుండా సూది వేయించుకోవాలి. వచ్చినవాళ్ళందరికీ "మీరు వెళ్ళండి, మీరు వెళ్ళండి, నాకేం తొందర లేదు" అని దారి ఇచ్చేస్తున్నాడు. ఆయా తుడుపుకర్ర ఆనించి నిలబడి, "ఏమయ్యా, పొద్దున్నించీ చూస్తున్నా, నీ వంతు సాయంత్రానికైనా వస్తుందా?" అంటే, "మర్యాద ఉండక్కర్లేదా అమ్మా, ముసలివాళ్ళు, పిల్లలు" అన్నాడు. "మర్యాదా అది, ఆ మోకాళ్ళేంటి మరి, అలా ఊగుతున్నాయి?" అంది ఆయా. బల్ల మీద అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, నా వైపు వంగి చిన్నగా అడిగాడు, "లోపల మెత్తచెయ్యి సిస్టరే కదండీ ఉంది? ఆవిడైతే వేయించుకుంటాను. వేరేవాళ్ళైతే రేపొస్తాను."

మెత్తచెయ్యి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ ఆసుపత్రిలో అక్కకి అదే పేరు. అసలు పేరు హాజరు పుస్తకంలోనే ఉంది. చీటీ రాసే గుమాస్తాని "మెత్తచెయ్యి ఉందా ఇవాళ?" అని అడిగి, ఆవిడ ఉంటేనే చీటీ తీసుకునేవాళ్ళు ఉన్నారు. ఆవిడ నా అక్క అని చెబుదామని నోటిదాకా వచ్చింది. మింగేశాను, ఇంకో ముప్పావుగంటలో ఏమవుతుందో తెలియదు కదా.

ఆ చెయ్యి మొదట పడింది నా మీదే. అక్క నర్సు బళ్ళో చేరిన మొదటి ఏడు, నాకు పన్నెండేళ్ళు, అయిదు రోజులుగా జ్వరం. డాక్టరు రాసిచ్చిన సూదులు ఇంట్లో అక్కే వేస్తానంది. అమ్మ వద్దంది, నాన్న వద్దన్నాడు, నేనైతే మంచం కింద దూరాను. అప్పట్లో గాజు సిరంజిలు, స్టీలు డబ్బాలో నీళ్ళు పోసి మరిగించేవాళ్ళు, ఆ డబ్బాలో గాజు గలగలలాడుతుంటే నా పళ్ళు కూడా గలగలలాడేవి. అక్క నన్ను బయటికి లాగలేదు. తానే మంచం కిందికి వచ్చి పక్కన పడుకుంది, ఏవో కబుర్లు చెప్పింది, వాళ్ళ హాస్టల్లో వార్డెనమ్మ విగ్గు గాలికి ఎగిరిపోయిన కథ. నేను నవ్వుతున్నాను. "ఇంక బయటికి రా, అయిపోయింది" అంది. ఏం అయిపోయింది అంటే ఖాళీ సిరంజి చూపించింది. అమ్మ నమ్మలేదు, చెయ్యి తిప్పి చుక్క చూసింది. ఆ రాత్రి అక్క నాకు ఆ రహస్యం చెప్పింది, వాళ్ళకి నేర్పిన పెద్ద సిస్టరమ్మ చెప్పిన రహస్యం. గాజు లోపలి కడ్డీ అడుగుకి తగిలితే చెయ్యి అదురుతుంది, చెయ్యి అదిరితే సూది లోపల మెదులుతుంది, నొప్పి అక్కడే. అందుకని అడుగు తగలబోతుండగా, వెంట్రుకవాసి ముందే, వేలు ఎత్తెయ్యాలి. "మందు వెళ్ళిపోతుంది, నొప్పి ఆగిపోతుంది" అంది అక్క. చీకట్లో తన బొటనవేలు నా అరచేతిలో పెట్టి చూపించింది, నొక్కీ నొక్కనట్టు వచ్చి, ఆగి, లేచిపోయింది. పిట్ట వాలబోయి ఎగిరిపోయినట్టు ఉంది. ఇప్పటికీ అరచేయి మూస్తే అది అక్కడే ఉంటుంది.

లోపల ఎవరో గట్టిగా మాట్లాడుతున్నాడు. "ఎంతసేపమ్మా, మేమేం పనీపాటా లేనివాళ్ళమా, పొద్దున్నించీ కూర్చోబెట్టి!" కవరు చిరిగింది. టిక్కు. నేను నిటారుగా కూర్చున్నాను. స్పష్టంగా, గుండ్రంగా, నా దగ్గర పలికినట్టే పలికింది. నా బిడ్డ ఎక్కడో వరసలో నిలబడి పేరు చెప్పినట్టు అనిపించింది. అరుస్తూ వచ్చిన ఆయన అరుస్తూనే బయటికి వెళ్ళాడు, చెయ్యి రుద్దుకుంటూ. తరవాత ఒక ముసలావిడ, గొంతు వణుకుతోంది, "నాయనా, నాయనా" అంటోంది. "మా అమ్మ కదూ, అటు చూడండి, ఆ కిటికీ అవతల ఏముందో చెప్పండి" అంది అక్క. కవరు. నిశ్శబ్దం. దూది డబ్బా. టిక్కు లేదు.

ఏడుస్తూ వచ్చిన పాపకి లేదు. అరిచినవాడికి ఉంది. ముసలావిడకి లేదు.

స్ప్రింగుకి ఏం తెలుసు, ఎవరు పాపో, ఎవరు ముసలమ్మో?

మళ్ళీ విన్నాను. చెవి కాదు, మొత్తం వీపే చెవి చేసుకుని విన్నాను. కాలేజీ కుర్రాడెవరో సిగ్గుపడుతూ వచ్చాడు, టిక్కు. నిండు గర్భిణి వచ్చింది, ఆయాసపడుతోంది, టిక్కు లేదు. మధ్యలో అక్క చిన్న నర్సుకి ఇచ్చింది ఒకటి వెయ్యమని. ఆ పిల్ల వేసింది ఏడుస్తున్న ఎవరో ఒకావిడకి, "ఏం నొప్పుండదక్కా" అంటూ, అక్కలాగే అంటూ. టిక్కు లేదు. ఆ పిల్లకి నేర్పింది అక్క. ఈ ఆసుపత్రిలో నర్సులందరికీ నేర్పింది అక్క. మిగతా ఆరు ఆసుపత్రుల్లో అక్క లేదు. కంపెనీవాళ్ళు వచ్చి ఈ కొత్త సిరంజి ఎలా వాడాలో చూపించిన రోజు అందరూ చివరిదాకా నొక్కారట, అన్నీ పలికాయట, కాగితాల్లో రాసి ఉంది. పలకవా మరి? ఆ రోజు వాళ్ళు గుచ్చింది రబ్బరు దిండుని. దిండుకి నొప్పేముంది? మనిషి దగ్గరికి వచ్చేసరికి, అందులోనూ జాలి కలిగే మనిషి దగ్గరికి వచ్చేసరికి, ఆ వేలు వెంట్రుకవాసి ముందు లేచిపోతోంది. మెట్టు దాటడం లేదు. ఎదురుగదిలో ఇంజనీరు రంపంతో ఎన్ని కోసినా దొరకదు ఇది. ఇది సిరంజిలో లేదు.

పదీ నలభై. నా చెవి మంచిదే. ఆ సంతోషం పైకి రాబోయి మధ్యలోనే ఆగిపోయింది. నా చెవి మంచిదైతే అక్క చెయ్యి తప్పు. పొద్దున ఇంట్లో దేవుడికి దండం పెట్టుకుంటూ "స్వామీ, నా పెట్టెల్లో లోపం లేకుండా చూడు" అన్నాను. ఎంత తెలివితక్కువ ప్రార్థన. లోపం ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి కదా. నా దగ్గర లేకుండా చూడమంటే ఇంకొకరి దగ్గర ఉండేలా చూడమనడమేగా. ఆయన విన్నాడు కాబోలు. విని నా అక్క వేలు చూపించాడు. నేనడిగింది ఇది కాదు స్వామీ అంటే, నువ్వు అడిగింది ఇదే అంటాడేమో. చిన్నప్పట్నించీ దయ గొప్పది అని విన్నాను, పిల్లలకి చెప్పాను. అదే దయ ఒక సూదిని బయటే ఉంచి, అవతలి ఆడపిల్ల గ్లౌజు చింపుతుందని ఎవరైనా చెప్పారా? పడుకున్నవాడి మీద దయ, ట్రే సర్దేవాళ్ళ మీద దయ, రెండూ ఒకే వేలితో ఎలా చెయ్యాలి?

ఇది అక్కకన్నా బాగా ఎవరికి తెలుసు? ఇరవై రెండేళ్ళ కిందట, మా పెద్దది పుట్టిన నెలకి, అక్క సూదికి మూత పెడుతూ ఉంటే ఎవరో పిలిచారు. తల తిప్పింది. ఎడమచేతి చూపుడువేలు. ఆ సూది అంతకుముందు ఎవరి ఒంట్లో ఉందో ఆ మనిషికి ఉన్న జబ్బుకి అప్పట్లో మందు లేదు. ఆరు నెలలు ఆగి రక్తం చూస్తేగానీ తెలియదన్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మాకు కనిపించిందల్లా ఏమిటంటే, అక్క తన కంచం, గ్లాసు వేరుగా పెట్టుకోవడం మొదలుపెట్టింది. అలా అంటుకోదని నర్సుగా తనకి తెలుసు, అయినా పెట్టుకుంది. నా పాపని ఎత్తుకోలేదు. గుమ్మంలో నిలబడి చూసేది, చేతులు వెనక్కి కట్టుకుని. నేను అనరాని మాట అన్నాను. "నీకు లేరని నా పిల్ల మీద ఏడుస్తున్నావా?" అన్నాను. అక్క "ముద్దొస్తోంది, అందుకే దూరం నుంచి చూస్తున్నా" అంది. ఆరు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం డ్యూటీ బట్టలతోనే వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, నిద్రపోతున్న పాపని ఎత్తుకుని మెడలో మొహం పెట్టుకుని నిలబడింది. పాప గుక్కపట్టి ఏడుస్తున్నా దించలేదు. అప్పుడు చెప్పింది. రక్తంలో ఏమీ లేదని ఆ పొద్దునే తేలిందట. ఆ తరవాత ఎన్నో ఏళ్ళకి ఊరి చివర ఫ్యాక్టరీ వాళ్ళు ఈ కొత్తరకం సిరంజి తయారీకి మనుషులు కావాలన్నప్పుడు, మా ఆయన "నీకెందుకే, హాయిగా ఇంట్లో ఉండక" అంటే, చెప్పలేకపోయాను ఎందుకో. ఆ మొదటిరోజు మొదటి టిక్కు విన్నప్పుడు ఏడ్చాను. పక్కమ్మాయి కంట్లో ఏదైనా పడిందా అనుకుంది. లెక్క వేసి చూసుకుంటే ఈ తొమ్మిదేళ్ళలో నా ముద్రతో బయటికి వెళ్ళినవి ఎన్నో లక్షలు, లక్షల చూపుడువేళ్ళు. గర్వం పనికిరాదంటారు. నేను రోజూ కొంచెం గర్వపడి, రాత్రికి దేవుడికి చెప్పేసుకుంటాను.

తలుపు తెరుచుకుంది. ఇంజనీరు మొహం వాడిపోయి ఉంది, వెనక పెద్ద డాక్టరుగారు. "అడుగున మెట్టు ఒక్కదాంట్లో కూడా దాటలేదండీ. స్ప్రింగులన్నీ బాగానే ఉన్నాయి. మెట్టే గట్టిగా వచ్చినట్టుంది ఈ పెట్టెల్లో" అన్నాడు నాతో, క్షమాపణ అడుగుతున్నట్టు. "మొత్తం వెనక్కి తీసుకెళ్ళిపోతాం." డాక్టరుగారు గడియారం చూసుకుంటూ, "మధ్యాహ్నం నుంచి పాతవే తీయించండి సిస్టర్" అన్నాడు కర్టెన్ వైపు. అక్క బయటికి వచ్చింది, "సరే సార్" అంది, నా మొహం చూడలేదు. పాతవి. మూతలు పెట్టేవి. ఆ చిన్న నర్సు కర్టెన్ పట్టుకుని నిలబడి ఉంది, వేళ్ళు సన్నగా, పొడవుగా, పదీ బాగున్నాయి.

ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిస్తే చాలు. లోపం మా దాంట్లో లేదు సార్, మా అక్క చేతిలో ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళ చెయ్యి, బల్లనిండా జనం, అందరి ముందూ. చెప్పకపోతే పదిమంది నర్సు పిల్లలు ఇవాళ మధ్యాహ్నం నుంచి మూతలు పెట్టడం మొదలుపెడతారు, ఎవరో ఒకరు పిలుస్తారు, ఎవరో ఒకరు తల తిప్పుతారు. స్వామీ, అన్నాను, ఈసారి ఏమీ అడగలేదు, ఊరికే స్వామీ అన్నాను. చెయ్యి సంచిలోకి వెళ్ళింది. రుమాలు, బస్సు టిక్కెట్టు, ఆ కింద పచ్చకార్డు. ఫ్యాక్టరీలో ఈ ఏడు నుంచి మా అందరికీ కామెర్ల టీకా మూడు డోసులు వేయిస్తారు, రెండు వేయించుకున్నాను, మూడోదానికి గడువు దాటి రెండు నెలలైంది. నేను అందరి సూదులూ వింటాను గానీ నా వంతు వస్తే నాకూ భయమే.

"అక్కా" అన్నాను. "నాకు మూడో డోసు మిగిలింది. నువ్వే వెయ్యి. వీటిలోదే వెయ్యి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

కార్డు తీసుకుని తేదీ చూసింది. "రెండు నెలలు దాటింది. బుద్ధి లేదూ?" అంటూనే ఫ్రిజ్జు తెరిచింది. స్టూలు మీద కూర్చున్నాను. డాక్టరుగారు, ఇంజనీరు గుమ్మంలో నిలబడ్డారు, బస్తాలాయన వాళ్ళ భుజాల మీదుగా తల పెట్టాడు. చల్లటి దూది. అక్క నా భుజం మీదికి వంగింది, ఆ సబ్బు వాసన, మంచం కింద నాటి వాసనే. "ఆ కిటికీ అవతల ఏముందో చెప్పు" అంది అలవాటుగా. నేను కిటికీ వైపు చూడలేదు. తన బొటనవేలి వైపు చూశాను. ఎవరికీ వినపడకుండా, తనకి మాత్రమే వినపడేలా అన్నాను. "అక్కా, ఈసారి నా మీద జాలి పడకు. వేలు ఎత్తకు. నొప్పి పెట్టినా సరే, అడుగుదాకా రా."

సూది అప్పటికే లోపల ఉంది. చెయ్యి ఆగిపోయింది. అక్క తన వేలి వంక తనే చూసుకోవడం చూశాను, ఇన్నేళ్ళలో మొదటిసారి చూస్తున్నట్టు. తరవాత ఆ వేలు కదిలింది, నెమ్మదిగా, వాలవలసిన చోటికి వచ్చింది, ఎగిరిపోలేదు. ఇంకా నొక్కింది.

టిక్కు.

అక్క సిరంజి పైకెత్తి వెలుతురులో పట్టుకుంది. కొనలో ఏమీ లేదు. చాలాసేపు చూసింది. తరవాత నన్ను అడిగింది, తన జీవితంలో ఎవరినీ అడగవలసిన అవసరం రాని మాట. "నొప్పెట్టిందా?"

"ఆవగింజంత."

తల ఊపింది. సిరంజిని వాడిన సూదుల డబ్బాలో వేసింది, అది ఊరికే టపుక్కుమంది, ఏ కోపమూ లేనట్టు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, డాక్టరుగారి వైపు తిరిగింది. "సార్, వీటిలో తప్పేం లేదు. నా వేలిది. అడుగుదాకా పోకుండా ఎత్తేస్తున్నాను. వీళ్ళకీ అదే నేర్పాను." ఎవరూ అడగకముందే, ఎవరూ పట్టుకోకముందే, అంత జనంలో, చీటీ మీద మందు పేరు చదివినంత మామూలుగా చెప్పింది. నేను చెప్పడానికి భయపడి సంచిలో వెతుక్కున్న మాటని తను బల్ల మీద పెట్టేసింది. ఇంజనీరు చేతిలో రంపంతో నిలబడిపోయాడు. "మెట్టు కొంచెం తేలిగ్గా దాటేట్టు మేమూ చూడాలి సిస్టర్. మేం ఎప్పుడూ దిండు మీదే చూశాం, చేతిని అడగలేదు" అన్నాడు. కుర్రాడు మంచివాడు. అక్క అప్పటికే వరండాలోకి తల పెట్టి కేకేసింది. "అమ్మాయిలూ, అందరూ ఒకసారి ఇటు రండి. నేను నేర్పింది ఒకటి ఇవాళ మరిచిపోవాలి."

పిల్లలు వచ్చారు, గదిలో చోటు లేక నేను బయటికొచ్చి మళ్ళీ అదే బల్ల మీద, అదే చెక్కకి ఆనుకుని కూర్చున్నాను. చెయ్యి బరువుగా ఉంది, సంతోషంగా ఉంది. లోపల అక్క చెప్తోంది, "పడుకున్నవాళ్ళ నొప్పి ఒక్కటే చూశాను ఇన్నాళ్ళూ. మీ వేళ్ళు కూడా చూడాలి." ఇంకో మాట ఏదో మెల్లగా అంది, పల్చటి చెక్కే అయినా వినపడలేదు, అది నాకు కాదేమో. తరవాత ఆయా గొంతు. "రావయ్యా మర్యాదస్తుడా, ఇంక నీ ముందు ఎవరూ లేరు." బస్తాలాయన దేవుణ్ణి తలుచుకుంటూ లోపలికి వెళ్ళాడు. కవరు చిరిగింది. "మా నాన్న కదూ, ఆ కిటికీ అవతల ఏముందో చెప్పండి." నేను కళ్ళు మూసుకున్నాను. జాలి కలిగే మనిషే. భయంతో వణుకుతున్న ఏనుగులాంటి మనిషి. ఆ చెయ్యి ఇప్పుడు ఏం చేస్తుంది?

టిక్కు.

బయటికి వచ్చి నా పక్కనే కూలబడ్డాడు, నుదురు తుడుచుకున్నాడు. "చెయ్యి మెత్తగానే ఉందండీ. ఆవిడ ఆవిడే. కానీ చివర్లో ఏదో చిన్న చప్పుడైంది. ఏంటంటారు అది?"

"అది నేనేనండి" అన్నాను.